చనుమొన నొప్పిని దాచుకోకండి

ఆడవాళ్ళు డాక్టరు దగ్గర కూడా నోరు విప్పి చెప్పడానికి మొహమాటపడే బాధల్లో చనుమొనల నొప్పి ఒకటి. జ్వరమనో, నడుం నొప్పనో వచ్చినవాళ్ళు లేచి వెళ్ళబోతూ ‘ఇంకో మాట డాక్టరుగారూ...’ అంటూ ఈ సంగతి చెప్పడం నేను తరచూ చూస్తుంటాను. ‘క్యాన్సరేమో’నన్న భయం వాళ్ళ మొహంలోనే తెలిసిపోతుంది. నిజానికి ఈ నొప్పికి చాలావరకు కారణాలు మామూలువే. ఏది మామూలుదో, ఏది కాదో తెలిస్తే సగం దిగులు తీరుతుంది.

నెలసరికి ముందు

బహిష్టుకు వారం పది రోజుల ముందు హార్మోన్ల మార్పుల వల్ల రొమ్ములు బరువెక్కి, చనుమొనలు తాకితే నొప్పి పుడతాయి. సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, ముట్టు రాగానే తగ్గిపోతుంది. గర్భం వచ్చిన తొలి వారాల్లోనూ ఇలాగే ఉంటుంది. కాబట్టి నెల తప్పి, ఈ నొప్పి కూడా ఉంటే ముందు మూత్రపరీక్ష చేయించుకోవాలి. సరైన కొలత బ్రా వేసుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది.

ఒరిపిడి, సబ్బు

బిగుతైన నైలాన్ బ్రాలు, గరుకు లేసులు ఒరుసుకుని చర్మం రేగుతుంది. ఘాటు సబ్బు, సెంటు, బట్టల్లో మిగిలిపోయిన డిటర్జెంటు పడకపోయినా దురద పుట్టి పొట్టు లేస్తుంది. కాటన్ బ్రా వాడడం, బట్టలు మరోసారి జాడించడం, ఆ భాగానికి సబ్బు మానేయడం... చాలామందికి ఇంతటితోనే నయమవుతుంది.

బాలింతలకు

నేను ఎక్కువగా చూసేది బాలింతల బాధే. కాన్పయిన అయిదో రోజున ఒకమ్మాయి కళ్ళనీళ్ళతో వచ్చింది. రెండు చనుమొనలూ పగిలి నెత్తురు చెమ్మ కనిపిస్తోంది. ‘బిడ్డ ఏడిస్తే చాలు, నాకు వణుకొస్తోందండీ’ అంది. ‘పాలు పడలేదు, డబ్బాపాలు పట్టేద్దాం డాక్టరుగారూ’ అంది అత్తగారు. చూస్తే పాలకు లోటేమీ లేదు. బిడ్డ చనుమొన చివర మాత్రమే పట్టుకుని చప్పరిస్తోంది. అక్కడే కూర్చోబెట్టి పాలు పట్టే పద్ధతి చూపించాను. ఆ పూటే నొప్పి చాలా తగ్గింది. పగుళ్ళు మానడానికి వారం పట్టింది.

వీపు ఆనించుకుని కూర్చుని, బిడ్డ పొట్ట మీ పొట్టకు తగిలేలా దగ్గరకు తీసుకోండి. నోరు పెద్దగా తెరిచాకే రొమ్ముకు చేర్చండి. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. నొప్పి పుడితే లాగేయకండి. బిడ్డ నోటి మూలలో శుభ్రమైన వేలు పెట్టి విడిపించి, మళ్ళీ పట్టించండి.

పాలిచ్చాక రెండు చుక్కల చనుబాలు పగుళ్ళ మీద రాసి గాలికి ఆరనివ్వండి. నొప్పి తక్కువగా ఉన్న వైపు ముందు పట్టండి. ఆముదం, పసుపు వద్దు. అవి బిడ్డ నోట్లోకి పోతాయి.

మంట తగ్గక, బిడ్డ నోట్లో తెల్లని పూత కూడా ఉంటే ఫంగస్ కావచ్చు. తల్లీబిడ్డలిద్దరికీ ఒకేసారి మందు వాడాలి. రొమ్ము ఒకచోట ఎర్రబడి, గట్టిపడి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరును కలవండి. అప్పుడు కూడా పాలివ్వడం మానకూడదు. పాలు నిలిచిపోతే చీముగడ్డ కట్టే ప్రమాదం ఉంది.

ఆలస్యం వద్దు

ఒకే వైపు చనుమొన మీద తామరలాంటి పొట్టు, దురద, పుండు రెండు మూడు వారాలైనా మానకపోయినా, నెత్తురు కారినా, చనుమొన కొత్తగా లోపలికి ముడుచుకుపోయినా, రొమ్ములోనో చంకలోనో గడ్డ తగిలినా వెంటనే చూపించుకోవాలి. పాజెట్స్ వ్యాధి అనే అరుదైన క్యాన్సరు అచ్చం తామరలాగే ఉంటుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంటు రాసుకుంటూ నెలలు గడిపేస్తే విలువైన కాలం చేజారుతుంది. గడ్డ నొప్పి లేదు కదా అని ఊరుకోవడం కూడా తప్పే.

సిగ్గనిపిస్తే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఊళ్ళో ఏఎన్ఎమ్‌కో, ఆశా కార్యకర్తకో చెప్పినా దారి చూపిస్తారు. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసివ్వండి. మేం చదువుకుంటాం.