కారులో నీళ్లు: తప్పంతా రబ్బరుదేనా?

వానలు ఊపందుకోగానే మెకానిక్ షెడ్ల ముందు ఒకే రకం ఫిర్యాదుతో కార్లు ఆగుతుంటాయి. డోరు తీస్తే ముక్కిన వాసన. ఎడమ పక్క మ్యాటు ఎత్తితే కింద చెమ్మ. సీటు బెల్టు మీద బూడిద రంగు చుక్కలు. కారు తెచ్చినాయన రోగమేమిటో కూడా తనే చెప్పేస్తాడు: ‘‘రబ్బరు పోయింది, మార్చెయ్యి తమ్ముడూ.’’ రబ్బరు మారుతుంది, డబ్బులు పోతాయి, వాసన మాత్రం ఉండిపోతుంది.

అపోహ: మంచి కారులోకి చుక్క నీరు కూడా దిగదు

దిగుతుంది. దిగేలాగే కట్టారు. ఇంటి డాబాకు తూములున్నట్టే కారుకూ ఉన్నాయి. డోరు అద్దం మీద పడ్డ వాన నీరు అద్దం వెంబడి డోరు లోపలికే జారి, అడుగు అంచున ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి రోడ్డు మీదికి పోతుంది. ఆ నీటికీ మన కాళ్లకూ మధ్య అడ్డం డోరు ప్యాడు వెనక అతికించిన పల్చటి షీటు ఒక్కటే. కొత్త స్పీకర్లు బిగించినప్పుడో, పవర్ విండో బాగు చేసినప్పుడో ఆ షీటును చింపి, సరిగ్గా అతికించకుండా ప్యాడు మూసేస్తే, వచ్చే వానకు నీళ్లు తిన్నగా మ్యాటు కిందికి చేరతాయి. పాటలు బాగానే వినిపిస్తుంటాయి కాబట్టి అనుమానం అటు పోనే పోదు.

సన్‌రూఫ్‌ ఇంకో చిక్కు. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. లోపలికి వచ్చిన నీరు చుట్టూ ఉన్న కాలువలో పడి, మూలల్లో పెట్టిన గొట్టాల గుండా పిల్లర్ల లోంచి కిందికి దిగుతుంది. గొట్టంలో దుమ్ము, ఆకు పేరుకుంటే పైకప్పు గుడ్డ తడుస్తుంది. వైపర్ల అడుగున, బానెట్‌కూ అద్దానికీ మధ్య నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది కదా, దాన్ని ఎత్తి చూసేవాళ్లు అరుదు. నీడ కోసం వేపచెట్టు కింద నిలిపే కారయితే అక్కడ ఆకులు కుళ్లి ముద్దగా మారతాయి. తూము పూడుకుని నీటి మట్టం పెరిగితే, బ్లోయర్‌కు గాలి వెళ్లే దారిలోంచే నీళ్లు కూడా లోపలికొస్తాయి.

కనపడ్డ ప్రతి సందుకూ సిలికాన్ పూయడం ఇందుకే పొరపాటు. డోరు అడుగు రంధ్రాలకు కూడా పూసేవాళ్లున్నారు. అలా చేస్తే నీళ్లు డోరులోనే నిలిచి తుప్పు పడుతుంది. లీకు ఎక్కడో తేలాలంటే మామూలు పైపుతో, సన్నటి ధారతో, కింది నుంచి పైకి ఒక్కో చోట కాసేపు నీళ్లు వదలాలి. ఇంకొకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి. ప్రెషర్ వాష్ గన్‌తో కొడితే లీకు లేని చోట కూడా నీళ్లు దూరతాయి.

అపోహ: వాన లేదు, కాబట్టి ఎవరో బాటిల్ ఒలకబోసి ఉంటారు

ఎండాకాలంలో మ్యాటు తడిస్తే మొదట ఏసీని అనుమానించండి. ఏసీ నడుస్తుంటే గాలిలోని తేమ లోపలి కాయిల్ మీద నీరుగా మారి, చిన్న గొట్టం గుండా కారు కిందికి కారుతుంది. ‘కారు కింద నీళ్లు కారుతున్నాయి, ఏదో పాడైంది’ అని కంగారు పడతారు గానీ, అది ఆరోగ్యమే. విశాఖలాంటి ఉక్క ఊళ్లో గంట సేపు ఏసీ వేసినా కింద చుక్క పడలేదంటే అప్పుడు కంగారు పడాలి. గొట్టం పూడుకుని ఉండొచ్చు, ఆ నీరు లోపలికే వస్తుంది. మన కార్లలో ఏసీ పెట్టె ఎక్కువగా గ్లోవ్ బాక్సు వెనకే ఉంటుంది, అందుకే ఎడమ పక్క తడుస్తుంది.

తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉండి, ముందు అద్దానికి లోపల జిడ్డు పొరలా పడుతుంటే అది వేరే కథ. హీటర్ నుంచి కూలెంట్ కారుతోందన్నమాట. కూలెంట్ విషం. చిన్నపిల్లల్ని, పెంపుడు కుక్కల్ని దాని దగ్గరికి రానివ్వకండి.

అపోహ: కార్పెట్ ఆరింది, ఇక ఫర్వాలేదు

పైన ఆరుతుంది. దాని కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, తాగిన నీళ్లను అది అంత తొందరగా వదలదు. పాత పేపరు పరిచి మోకాలితో గట్టిగా నొక్కి చూడండి. పేపరు తడిస్తే కార్పెట్ లేపాల్సిందే. దాని కిందే వైర్ల కట్టలు పోతాయి, కనెక్టర్లకు చిలుము పడుతుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థది. దాన్ని ఇంట్లో కెలకొద్దు, సీటు ఊడదీసే పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

అద్దాలన్నీ బిగించి ఎండలో పెడితే ఆరిపోతుందనేది ఈ అపోహకు చెల్లెలు. ఆవిరి బయటికి పోయే దారి లేక రాత్రికి మళ్లీ నీరై కూర్చుంటుంది. డోర్లు తీసి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే చాలావరకు బూజు పట్టదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది.

అపోహ: బ్లీచింగ్ కొడితే బూజు చస్తుంది

చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది. దాన్ని తుడిచి తీసేయాలి, చంపితే సరిపోదు. బూజుకు బ్లీచ్ వాడటాన్ని ఆ సంస్థే మామూలు పద్ధతిగా సిఫార్సు చేయదు. పైగా బాత్రూం యాసిడ్‌తోనో వెనిగర్‌తోనో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కారంత ఇరుకు చోట అది ప్రాణం మీదికి తెస్తుంది. సీటు బెల్టుకు బ్లీచ్ తగిలితే నేత బలహీనపడుతుంది. బెల్టును చివరిదాకా లాగి, వెనక్కి పోకుండా క్లిప్పు పెట్టి, గాఢత లేని సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే వదలండి. గట్టి ప్లాస్టిక్ భాగాలకూ సబ్బునీళ్లే చాలు. మాస్కు పెట్టుకోండి, డోర్లు తెరిచి ఉంచండి. బూజు లోపలిదాకా పట్టిన ఫోమ్ మీద జాలి పడకుండా పారేయండి.

పెర్ఫ్యూములు, కర్పూరం, కాఫీ పొడి? వాసన మీద వాసన, అంతే.

అపోహ: వరద తగ్గాక ఒకసారి స్టార్ట్ చేసి చూస్తే తెలుస్తుంది

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలా మునిగిన కారుకు తాళం తిప్పడమే చేయకూడని పని. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. థర్డ్ పార్టీ పాలసీకి వరద నష్టం వర్తించదు. సమగ్ర పాలసీ ఉన్నా, ఇంజన్ రక్షణ యాడ్-ఆన్ లేకుండా ఇలా స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజన్‌కు పరిహారం దక్కడం కష్టం. బండిని కదపకముందే నీటి మట్టం గీత కనిపించేలా ఫొటోలు తీసి, బీమా కంపెనీకి ఫోన్ చేసి, టో చేయించండి.