చెవి మీద ఆనేదా, చెవిని కప్పేదా?

ఈసారి వార్షికోత్సవానికి రీడింగ్ హాలుకు పనికొచ్చే వస్తువు ఏదైనా ఇస్తామని మన పూర్వ విద్యార్థులు, అంటే మా అన్నలు కొందరు, ముందుకు వచ్చారు. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, పోటీ పరీక్షల పుస్తకాలు ప్రతిసారీ అడిగేవే. ఈసారి మాలో ఎక్కువమంది అడిగింది ఒకటే: రోజుకు రెండు గంటలైనా చప్పుడు లేకుండా చదువుకునే మార్గం. ఆ మాట మీదే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ల ప్రస్తావన వచ్చింది. వైరు లేని ఖరీదైన హెడ్‌ఫోన్లలో రెండు రకాలున్నాయి. చెవి మీద ఆనుకుని ఉండేది ఆన్ ఇయర్. చెవినంతా గిన్నె బోర్లించినట్టు కప్పేసేది ఓవర్ ఇయర్. డబ్బులు పెట్టేవారికీ, వాడుకోబోయే మనకీ తేడా తెలియాలి గనుక ఈ వ్యాసం.

ముందు మన హాలులో చప్పుళ్ల సంగతి చూద్దాం. పైన ఫ్యాన్లు ఆగకుండా గుయ్యిమంటుంటాయి. కరెంటు పోతే పక్క భవనాల జనరేటర్లు మొదలవుతాయి. గోదావరి వంతెనల మీద రైలు వెళ్తుంటే, ముఖ్యంగా రాత్రిపూట గాలి ఇటు తిరిగినప్పుడు, ఆ గడగడ చాలాసేపు వినిపిస్తుంది. పాత హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకున్నా, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన ఖాళీగా ఉండేది తక్కువ. ఇవన్నీ ఒక తరహా: లోతైనవి, ఒకే తీరుగా సాగేవి. రెండో తరహా వేరు. మెస్సులో కంచాల చప్పుడు, లారీ హారన్లు, దసరా పందిళ్ల మైకులు, అన్నింటికంటే ముందు మన మాటలు. ఇవి ఎప్పుడు వస్తాయో తెలియదు, క్షణానికో తీరుగా మారతాయి. హెడ్‌ఫోన్ పనితీరంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

శబ్ద తరంగానికి గాలి ఒత్తిడి పెరిగే చోటు, తగ్గే చోటు ఉంటాయని చదువుకున్నాం. ఒక తరంగం ఒత్తిడి పెంచే చోట సరిగ్గా అంతే ఒత్తిడి తగ్గించే ఇంకో తరంగాన్ని కలిపితే రెండూ చెల్లు. ఇంటర్ ఫిజిక్సులో మనం బట్టీపట్టిన వ్యతికరణం ఇదే. హెడ్‌ఫోన్‌లోని చిన్న మైకులు బయటి చప్పుడును పట్టుకుంటాయి. లోపలి చిప్పు దానికి తిరగేసిన తరంగాన్ని తయారుచేసి స్పీకరు ద్వారా చెవిలోకి పంపుతుంది.

వినడానికి తేలికే గాని చిక్కంతా సమయం దగ్గర ఉంది. సెకనుకు 100 కంపనాల గుయ్యిమనే చప్పుడులో ఒక్కో కంపనానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్‌ఫోన్ పదో వంతు మిల్లీసెకను ఆలస్యం చేసిందనుకుందాం. అది ఒక కంపనంలో నూరో వంతు మాత్రమే. అదే 4,000 కంపనాల కీచు శబ్దానికి కంపనం పావు మిల్లీసెకనులో అయిపోతుంది. అదే ఆలస్యం ఇక్కడ దాదాపు సగం కంపనం. తిరగేసిన తరంగం తప్పు చోట పడి, చప్పుడును తగ్గించకపోగా కొన్నిసార్లు పెంచుతుంది కూడా. అందుకే ఫ్యాను హోరు మాయమైనంత తేలికగా గరిటె చప్పుడు మాయం కాదు. ఎంత ఖరీదైన కంపెనీదైనా ఇంతే.

ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మనీకి చెందిన పాల్ ల్యూగ్ అనే శాస్త్రవేత్తకు దీని మీద 1936లోనే అమెరికా పేటెంటు వచ్చింది. దీన్ని తలకు తగిలించుకునే వస్తువుగా మలచినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు అమర్ బోస్. ఆయన తండ్రి బ్రిటిషువారి మీద పోరాడి, బెంగాలు వదిలి అమెరికా చేరినవాడు. అమర్ బోస్ 1978లో జూరిచ్ నుంచి విమానంలో తిరిగి వస్తూ, వాళ్లిచ్చిన హెడ్‌ఫోన్‌లో ఇంజిను హోరు తప్ప పాట వినపడక, కూర్చున్నచోటే కాగితం మీద లెక్కలు మొదలుపెట్టారు. పైలట్ల కోసం మొదటి హెడ్‌సెట్టు అమ్మకానికి వచ్చేసరికి 1989 అయింది. పదకొండేళ్లు! మామూలు ప్రయాణికుల కోసం 2000లో వచ్చిన క్వైట్ కంఫర్ట్ చెవిని కప్పే రకం. ఆన్ ఇయర్ రకంగా క్వైట్ కంఫర్ట్ 3 అనేది 2006లో వచ్చింది. రెండు జాతుల పోటీ అప్పటి నుంచి ఉంది.

ఇక అసలు తేడాకు వద్దాం. హెడ్‌ఫోన్ ఇచ్చే నిశ్శబ్దంలో కొంత మాత్రమే చిప్పుది. మిగతాది మెత్తది. ఓవర్ ఇయర్ మెత్త చెవి చుట్టూ ఉన్న చదునైన చర్మం మీద కూర్చుని, తలుపు మూసినట్టు మూస్తుంది. చిప్పు చేతకాని ఆ కీచు శబ్దాలను ఆపేది ఈ మెత్తే. ఆన్ ఇయర్ మెత్త కూర్చునేది చెవి డొప్ప మీద. డొప్పేమో ఎగుడుదిగుడు. ఎక్కడో ఒక సందు మిగులుతుంది. ఆ సందులోంచి లోతైన హోరు కూడా తిరిగి లోపలికి వస్తుంది, చిప్పుకు పని రెట్టింపవుతుంది. సందు పూడ్చాలంటే బిగింపు పెంచాలి. బిగింపు పెరిగితే చెవి మృదులాస్థి నొక్కుకుపోయి గంటలోపే సలపరం మొదలవుతుంది. ఆన్ ఇయర్ తయారుచేసేవారంతా ఈ రెండు కష్టాల మధ్య నలుగుతున్నవారే.

చిన్నది గనుక తేలికగా ఉంటుందనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. 2019లో వచ్చిన బీట్స్ సోలో ప్రో, ఆన్ ఇయర్ రకంలో పేరున్నది, దాదాపు 267 గ్రాములు. 2022లో వచ్చిన సోనీ డబ్ల్యూహెచ్ 1000 ఎక్స్ ఎం 5, చెవిని కప్పే రకం, 250 గ్రాములు. సోలో ప్రో తయారీ 2021 చివర ఆగిపోయింది. 2024లో వచ్చిన సోలో 4లో అసలు నాయిస్ క్యాన్సిలింగే పెట్టలేదు. జేబీఎల్ వంటివారి మధ్యరకం ధరల్లో ఆన్ ఇయర్లు ఇంకా దొరుకుతున్నా, పై మెట్టులో కంపెనీలే ఓవర్ ఇయర్ వైపు జరిగిపోయాయి. చెవి డొప్పతో పోరాడి లాభం లేదని వారికీ అర్థమైనట్టుంది.

అయితే ఈ వస్తువుల గురించి రాసేవారు ఎక్కువగా ఏసీ గదుల్లో కూర్చుని రాస్తారు. మనది రాజమహేంద్రవరం. మే నెలలో మధ్యాహ్నం హాలులో ఓవర్ ఇయర్ పెట్టుకుంటే పావుగంటకు మెత్తల కింద చెమట కారుతుంది. ఆ చెమటకే మెత్త మీది రెక్సిను లాంటి పొర ఒకటి రెండేళ్లలో పొలుసులుగా లేస్తుంది. ఆన్ ఇయర్ ఇక్కడ కొంత నయం, చెవి చుట్టూ గాలి ఆడుతుంది. కానీ కళ్లద్దాలున్నవారికి ఆన్ ఇయర్ నరకం. కళ్లజోడు కాడకూ హెడ్‌ఫోనుకూ మధ్య చెవి చిక్కుకుంటుంది. ఓవర్ ఇయర్‌కు కళ్లజోడు కాడ దగ్గర చిన్న సందు పడి నిశ్శబ్దం కొంచెం తగ్గుతుంది తప్ప నొప్పి అంతగా ఉండదు. మాలో కళ్లద్దాలవారి సంఖ్య ఏటేటా పెరుగుతోంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. సోనీ ఒకసారి ఛార్జి చేస్తే 30 గంటలు, సోలో ప్రో 22 గంటలు వస్తాయని కంపెనీల మాట. ఉన్న ప్లగ్గుల కోసం ఫోన్లే వరస కట్టే హాస్టల్లో ఈ తేడా లెక్కలోకి వస్తుంది. ఛార్జి అయిపోయినా మామూలు వైరు గుచ్చి పాఠం వినగలిగే రకం తీసుకోవాలి. ఆపిల్ వారి ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్, 2020లో మన దేశంలో 59,900 రూపాయలకు వచ్చింది, ఛార్జి లేకపోతే మూగబోతుంది. ఆ ధరకు మా బ్లాకులో ట్రంకు పెట్టెలన్నీ కలిపినా రావు, అది వేరే సంగతి.

ఇంకొక లాభం ఉంది, దాన్ని మేము ముఖ్యమనుకుంటున్నాం. చుట్టూ గోల ఉంటే చవక ఇయర్‌ఫోనులో పాఠం వినడానికి సౌండు పెంచుతాం. వారానికి 40 గంటలు వినేట్లయితే 80 డెసిబెల్స్ దాటవద్దనీ, 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే భద్రమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెల్స్‌తో రోజుకు రెండు గంటలు క్లాసు వింటే మంగళవారానికే కోటా పూర్తి. బయటి హోరు తగ్గితే సౌండు తగ్గించుకుని వినవచ్చు. పోయిన వినికిడి తిరిగి రాదు, పోలీసు, రైల్వే ఉద్యోగాల వైద్య పరీక్షల్లో చెవులు కూడా చూస్తారని గ్రూపు, కానిస్టేబుల్ అభ్యర్థులకు చెప్పనక్కరలేదు.

ఏ రకమూ పూర్తిగా చేయలేనిది ఒకటుంది. పక్క బెంచీ మీద ఇద్దరు మాట్లాడుకుంటే ఓవర్ ఇయర్ ఆ మాటలను పలచబరుస్తుంది, ఆన్ ఇయర్ ఇంకా తక్కువ పలచబరుస్తుంది, మాయం చేసేది ఏదీ లేదు. ఫ్యాను హోరు పోయేసరికి ఆ మాటలే మరింత స్పష్టంగా వినబడినట్టు అనిపించడమూ ఉంది. పందిరి మైకుకు వేరే మందు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకరు వాడరాదు. పండుగలకు ప్రభుత్వం ఇచ్చే సడలింపు రాత్రి 12 వరకే, ఏడాదికి 15 రోజులు మించకుండానే. విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలూ ఆ నిబంధనల్లోనే ఉంది. ఒక అర్జీకి అయ్యే ఖర్చు ఒక తెల్లకాగితం.

సొంత గది ఉన్నవాడు తలుపు వేసుకుని చదువుకుంటాడు. ముప్పైమంది ఒకే హాలులో కూర్చునే మనం అదే పరీక్షకు వెళ్లి అతనితోనే పోటీపడాలి. అన్నలు ఇవ్వదలచింది ఆ తలుపునే. కనుక మా అభిప్రాయం ఇది. కొంటే ఓవర్ ఇయరే కొనండి, కానీ పై మెట్టువి వద్దు. సోనీ ఎక్స్ ఎం 5 మన దేశంలో విడుదలైనప్పటి ముద్రిత ధర 34,990 రూపాయలు. ఆ డబ్బుకు మధ్యరకం ఓవర్ ఇయర్లు నాలుగైదు వస్తాయి. ఒకరికి పూర్తి నిశ్శబ్దం కన్నా అయిదుగురికి ముప్పాతిక నిశ్శబ్దం మాకు కావాలి. పాఠం వినే పని లేక పుస్తకం మాత్రమే చదివేవారికి ఫ్యాక్టరీల్లో, రాళ్లు కోసేచోట కార్మికులు పెట్టుకునే ఇయర్ మఫ్‌లు చాలు. వాటిలో బ్యాటరీ లేదు, చిప్పు లేదు, ఉన్నదంతా మందపాటి మెత్తే. ఫ్యాను హోరును అంతగా తగ్గించవు గాని మాటలను, కంచాల చప్పుడును బాగానే ఆపుతాయి. ధర వెయ్యి రూపాయలకు అటూఇటూ. వాటిని ఒక డజను తీసుకుని, ఓవర్ ఇయర్లు నాలుగు చాలు.

కొనేవారికి ఒక మనవి. మెత్తలు విడిగా దొరికే మోడలేనా అని ముందు కనుక్కోండి. పదిమంది చెవులు తగిలే వస్తువు గనుక మెత్తల మీద తొడుక్కునే గుడ్డ తొడుగులు కూడా తలా రెండు జతలు కావాలి, వాటిని ఆదివారం బట్టలతో పాటు ఉతుక్కుంటాం. రిజిస్టరు పెట్టి, స్టడీ అవర్‌లో ఒక్కొక్కరికి గంట చొప్పున ఇచ్చే బాధ్యత ఫైనలియర్ వారు తీసుకుంటామన్నారు. భోజనం గంట వినపడలేదనే సాకు మాత్రం మెస్సులో చెల్లదని వంటమనిషిగారు ముందే చెప్పేశారు.