పాత అంబాసిడర్ కొనేముందు

విజయవాడ ఆటోనగర్‌లో బాగుపడని ఇంజను అరుదు. అందుకే పాత అంబాసిడర్ కొనదలచినవారు బానెట్ కంటే ముందు కాళ్ళకింది మ్యాటు ఎత్తి చూడాలని మా మనవి. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడి ఫ్రేము లేదు, బాడీయే ఆధారం. మన డెల్టా తేమ, బందరు వైపు ఉప్పుగాలి ఆ రేకును లోలోపలే తినేస్తాయి. తలుపుల కిందిభాగం, వెనుక స్ప్రింగుపట్టీలు బిగించిన చోటు స్క్రూడ్రైవరుతో పొడవండి. మెత్తగా దిగిందా, దాచుకున్న సొమ్ము తీయకండి! కొత్త రంగు చూసి మురిసిపోవద్దు. అయస్కాంతం అంటకపోతే లోపల ఉన్నది పుట్టీయే.

పెట్రోలు ఇంజను తీసి డీజిలు వేయించిన బండ్లూ ఉంటాయి. ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కకపోతే, పదిహేనేళ్ళు దాటాక రిజిస్ట్రేషన్ పొడిగింపు దగ్గర చిక్కే. తయారీ 2014లోనే ఆగింది. విరిగిన సామాను దొరుకుతుందో లేదో బయానా ఇవ్వకముందే విచారించండి.