పేగు లోపలి నూగు

టర్కీ తువ్వాలు చూశారు కదా. దాని నిండా దారాలు లేచి ఉంటాయి. అందుకే మామూలు గుడ్డ కన్నా ఎక్కువ నీళ్ళు పీలుస్తుంది. మన చిన్న పేగు లోపల కూడా అలాంటి నూగే ఉంటుంది.

చిన్న పేగు పేరుకే చిన్నది. పెద్ద పేగు కన్నా చాలా పొడవు. వెడల్పు చూసి ఆ పేరు పెట్టినట్టుంది!

పేగు గోడలో పొరలున్నాయి. పైన పలుచని తొడుగు. దాని కింద కండ. ఈ కండే అన్నాన్ని ముందుకు తోస్తుంది. కండ లోపల నెత్తురు నాళాలున్న మెత్తటి పొర. అన్నిటికన్నా లోపల నూగు. ఒక్కొక్కటి సుమారు 1 మిల్లీమీటరు ఎత్తు. దానిమీద ఒకే వరసలో కణాలుంటాయి. అవి మామూలు కంటికి కనబడవు. సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే. అరిగిన అన్నంలోని సారం వాటి గుండానే నెత్తురులో కలుస్తుంది.

ఈ కణాలు 3 నుంచి 5 రోజులే బతుకుతాయి. పాతవి రాలిపోతాయి. నూగు మొదట్లో ఉన్న గుంటల్లో కొత్తవి పుడతాయి.

రోటా వైరస్ సోకితే ఈ నూగు దెబ్బతింటుంది. బిడ్డకు నీళ్ళ విరేచనాలవుతాయి. "తాగిస్తే ఇంకా పోతాయి" అని కొందరు నీళ్ళు మాన్పిస్తారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. చక్కెర, ఉప్పు కలిసి వస్తే మిగిలిన కణాలు రెంటినీ జంటగా లోపలికి లాక్కుంటాయి. వాటి వెంట నీళ్ళూ పోతాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లం పనిచేసేది ఇలాగే. ఎన్ని నీళ్ళలో కలపాలో పొట్లం మీదే ఉంటుంది. చదివి, అన్ని నీళ్ళే పోయాలి. తల్లిపాలు, అన్నం ఆపొద్దు. కొత్త కణాలు పుట్టాలంటే తిండి కావాలి. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. తాగగలిగితే దారిలో కూడా చెంచాతో తాగిస్తూనే ఉండాలి.