చెట్టునకును ఊపిరి కావలెను

పూర్వము నేను పనిచేసిన యొక పాఠశాలలో, గంట కట్టియుండిన పెద్ద వేపచెట్టు చుట్టును, ఆవరణము శుభ్రముగా నుండునను తలంపుతో, మొదలు నంటునట్లు సిమెంటు చప్టా కట్టించిరి. నన్నడుగగా నేనును బాగుగానే యుండుననితిని. కొన్ని యేండ్లలో కొనకొమ్మలు ఎండసాగెను. కొందఱు తెగులనిరి, కొందఱు వయస్సనిరి. తుదకు చెట్టు చచ్చెను. చప్టాను పగులగొట్టి చూడగా క్రింది మన్ను రాతివలె గట్టిపడి యుండెను. అప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు.

ఆకులు సూర్యరశ్మియందు బొగ్గుపులుసు వాయువును, నీటిని గ్రహించి ఆహారమును సిద్ధపఱచునని మీరు చదివియున్నారు. ఆ యాహారము బెరడు లోపలి పొరగుండ వేళ్లకు దిగును. దానినుండి శక్తిని పొందుటకు వేళ్లకు ప్రాణవాయువు కావలెను. అది మట్టిరేణువుల నడుమనుండు సందులగుండ వచ్చును. నిత్యము త్రొక్కుటవలన నేల యణగినయెడల ఆ సందులు మూసికొనును. సిమెంటు పఱచినచో గాలియు వాననీరును గూడ తగ్గిపోవును. నీటిని పీల్చు సన్నని వేళ్లలో నధికభాగము పైనేలలో రెండడుగుల లోపలనే యుండి, కొమ్మల నీడను దాటి వ్యాపించును. కావున ఈ కీడు వానికే మొదట తగులును.

రాలిన ఆకులను ఊడ్చి కాల్చుటయు నిట్టి పొరపాటే. వానపాములు, శిలీంధ్రములు, సూక్ష్మజీవులు ఆ యాకులను మెత్తని సారముగా మార్చును. కొన్ని శిలీంధ్రములు వేళ్లతో కలిసి జీవించుచు, చెట్టునకు భాస్వరమును సమకూర్చి, ప్రతిఫలముగా చక్కెరను పొందును. అడవిలో ఎవ్వరును ఎరువు వేయకయే చెట్లు పెరుగుట కిదియొక కారణము. తోటను కూర్చినవాడు మనుష్యుడే. కాని తోటలోని చెట్టు అడవి ధర్మమునే యనుసరించును.

తెలిసి చేసిన సంరక్షణము వృథాకాదు. మహబూబునగరము చెంత పిల్లలమఱ్ఱి యను శతాబ్దములనాటి వృక్షము కలదు. 2017 డిసెంబరులో చెదలు తినిన పెద్దకొమ్మ విరిగిపడగా సందర్శకుల ప్రవేశమును నిలిపిరి. 2018లో చెదలమందును నీట కలిపి, రోగులకు సెలైను ఎక్కించు రీతిని, సీసాలనుండి బొట్టుబొట్టుగా చెట్టులోని కెక్కించిరి. బరువుకొమ్మలకు ఆధారములు కట్టి, ఊడలను గొట్టములగుండ నేలకు దింపిరి. ఆ మఱ్ఱి నేటికిని పచ్చగా నున్నది.

విద్యార్థులారా, మన ఆవరణమందు మనము చేయదగినవి స్వల్పములే. చెట్టు చుట్టును నేలను విశాలముగా విడువుడు. రాలిన ఆకులను మూడంగుళముల మందమున పఱచుడు; కాని అవి బెరడు నంటరాదు, తడికి బెరడు చివుకును. నీటిని మొదలున గాక కొమ్మల యంచు క్రింద మెల్లగా పోయుడు. కొమ్మను కోయవలసినచో, మానుతో కలియుచోట ఉబ్బెత్తుగా నున్న భాగమును విడిచి కోయుడు. గాయమును కప్పు క్రొత్తకణములు అచ్చటినుండియే పుట్టును. తలిదండ్రులును తమ పెరళ్లయందు సిమెంటు పోయించుటకు ముందొకసారి ఆలోచింతురు గాక.

ఆ పాఠశాలలో గంట యిప్పుడు ఇనుపకంబమునకు వ్రేలాడుచున్నది. మ్రోత పూర్వమువలెనే యున్నది. నీడ మాత్రము లేదు.