అయనీకరణ వికిరణం: మోతాదును కొలవడం, పరిమితం చేయడం

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- శోషిత మోతాదు, తుల్య మోతాదు, ప్రభావక మోతాదు అనే భావనలను వేరుచేసి చెప్పగలుగుతారు.
- అరకు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని సహజ నేపథ్య వికిరణ మూలాలను వివరించగలుగుతారు.
- టి.ఎల్.డి. బ్యాడ్జి పనిచేసే తీరును, దానిని వాడవలసిన పద్ధతిని వివరించగలుగుతారు.
- భారతదేశంలో అమలులో ఉన్న మోతాదు పరిమితులను పేర్కొని, చిన్న లెక్కలు చేయగలుగుతారు.

7.1 పరిచయం

అరకు లోయలోని ఒక ఆసుపత్రి ఎక్స్-రే గదిని ఊహించుకోండి. నెల రోజులుగా దగ్గుతున్న ఒక గిరిజన మహిళకు క్షయ ఉందేమోనని వైద్యుడు ఛాతీ ఎక్స్-రే రాశాడు. ఆ కిరణాలు ఒంట్లోనే ఉండిపోతాయని ఎవరో చెప్పగా విని ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల, రోజూ ఎన్నో ఎక్స్-రేలు తీసే సాంకేతిక ఉద్యోగి బ్యాడ్జి పెట్టుకోకుండా, యంత్రానికి ఒక అడుగు దూరంలో నిలబడి మీట నొక్కుతున్నాడు. ఒకరిది అక్కరలేని భయం, మరొకరిది ఉండకూడని నిర్భయం. ఇద్దరికీ తెలియనిది ఒకటే: మోతాదు ఎంత? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్చుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం బెకరల్ రేడియోధార్మికతను కనుగొన్నాడు. తొలి రోజుల్లో వీటిని కొలిచే ప్రమాణం గాని, పరిమితి గాని లేవు. ఎడిసన్ ప్రయోగశాలలో ఎక్స్-కిరణాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు కాలి, క్యాన్సర్ సోకి 1904లో మరణించాడు. ఇలాంటి అనుభవాల నుంచే 1928లో, నేడు అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘంగా పిలిచే సంస్థ ఏర్పడింది.

7.2 అయనీకరణం, శరీరంపై ప్రభావం

పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను వెలికితీయగల శక్తి ఉన్న వికిరణమే అయనీకరణ వికిరణం. ఆల్ఫా, బీటా కణాలు, గామా కిరణాలు, ఎక్స్-కిరణాలు, న్యూట్రాన్‌లు ఈ కోవకు చెందుతాయి. సెల్ ఫోన్ తరంగాలకు, కాంతికి ఈ శక్తి లేదు. అయనీకరణం వల్ల కణంలోని డి.ఎన్.ఎ. దెబ్బతినవచ్చు. చాలావరకు కణమే దానిని సరిచేసుకుంటుంది. సరిచేసుకోలేనప్పుడు రెండు రకాల ఫలితాలు కలుగుతాయి.

(అ) నిర్ణీత ప్రభావాలు: ఇవి ఒక హద్దు దాటితేనే కనిపిస్తాయి. మోతాదు పెరిగేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. చర్మం ఎర్రబడటం, వెంట్రుకలు రాలడం, కంటి శుక్లం వీటికి ఉదాహరణలు.

(ఆ) సంభావ్యతా ప్రభావాలు: క్యాన్సర్ దీనికి ఉదాహరణ. ఇక్కడ మోతాదుతో పెరిగేది తీవ్రత కాదు, వచ్చే అవకాశం. ఎంత తక్కువ మోతాదుకైనా కొంత అవకాశం ఉంటుందని భావించి రక్షణ నియమాలను రూపొందించారు.

7.3 మోతాదు ప్రమాణాలు

రేడియోధార్మిక పదార్థంలో సెకనుకు ఒక విఘటనం జరిగితే దానిని ఒక బెకరల్ అంటారు. ఇది మూలం చురుకుదనాన్ని చెబుతుందే తప్ప శరీరానికి చేరినదాన్ని చెప్పదు. శరీరానికి చేరినదాన్ని మూడు మెట్లలో లెక్కిస్తారు.

1. శోషిత మోతాదు: ఒక కిలోగ్రాము పదార్థం ఒక జౌల్ వికిరణ శక్తిని శోషిస్తే అది ఒక గ్రే.

2. తుల్య మోతాదు: ఒకే శక్తి అయినా ఆల్ఫా కణం చేసే హాని ఎక్కువ. అందువల్ల శోషిత మోతాదును వికిరణ భార గుణకంతో గుణిస్తారు. ఎక్స్, గామా, బీటాలకు ఈ గుణకం 1, ఆల్ఫాకు 20. ఫలితాన్ని సీవర్ట్‌లలో చెబుతారు.

3. ప్రభావక మోతాదు: అన్ని అవయవాలూ సమానంగా సున్నితమైనవి కావు. అందువల్ల ఒక్కొక్క అవయవపు తుల్య మోతాదును దాని కణజాల భార గుణకంతో గుణించి, అన్నిటినీ కూడతారు. ఊపిరితిత్తులకు ఈ గుణకం 0.12, థైరాయిడ్‌కు 0.04, చర్మానికి 0.01. శరీరం మొత్తానికి గుణకాల కూడిక 1.

ఉదాహరణ: ఊపిరితిత్తులు మాత్రమే ఆల్ఫా కణాల వల్ల 1 మిల్లీ గ్రే పొందాయనుకోండి. తుల్య మోతాదు 1 × 20 = 20 మిల్లీ సీవర్ట్‌లు. ప్రభావక మోతాదు 20 × 0.12 = 2.4 మిల్లీ సీవర్ట్‌లు.

7.4 మన చుట్టూ ఉన్న వికిరణం: అరకు కొండలు

వికిరణం ఆసుపత్రిలోనే పుట్టదు. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం అంచనా ప్రకారం ప్రపంచంలో సగటు మనిషి ప్రకృతి నుంచి సంవత్సరానికి సుమారు 2.4 మిల్లీ సీవర్ట్‌లు పొందుతాడు. ఇందులో పీల్చే గాలి నుంచి, ముఖ్యంగా రాడాన్ నుంచి, సుమారు 1.26, నేల, రాళ్ల నుంచి 0.48, విశ్వకిరణాల నుంచి 0.39, ఆహారం, నీటి నుంచి 0.29 మిల్లీ సీవర్ట్‌లు వస్తాయి. ఇవి సగటులే. స్థలాన్ని బట్టి మారుతాయి.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి కవచం పలచబడుతుంది కాబట్టి విశాఖపట్నం కంటే ఇక్కడ విశ్వకిరణాలు కొంచెం ఎక్కువ. మొదటి కొన్ని వేల మీటర్లలో ప్రతి 1500 నుంచి 2000 మీటర్లకు ఇవి సుమారు రెట్టింపవుతాయి.

ఇక రాళ్ల సంగతి. తూర్పు కనుమలలో విరివిగా దొరికే ఒక శిలకు ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదనే ఖొండలైట్ అని పేరు పెట్టారు. ఈ శిలలలో, వీటితో కలిసి ఉండే చార్నకైట్ శిలలలో అక్కడక్కడ మోనజైట్ రేణువులు ఉంటాయి. మోనజైట్‌లో థోరియం, కొద్దిగా యురేనియం ఉంటాయి. వేల ఏళ్లుగా శిలలు చివికి, ఆ రేణువులు ఏరుల వెంట సముద్రానికి చేరాయి. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే గోస్తనీ నది ఇందుకు మంచి ఉదాహరణ. భీమిలి తీరాన కనిపించే నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు మోనజైట్ కూడా ఉండటానికి మూలం పైనున్న కొండలే.

యురేనియం, థోరియం విఘటన శ్రేణులలో రాడాన్, థోరాన్ అనే వాయువులు పుడతాయి. రాడాన్ అర్ధాయువు 3.8 రోజులు, థోరాన్‌ది సుమారు 56 సెకనులు. ఇవి నేల నుంచి, మట్టి గోడల నుంచి గదిలోకి వస్తాయి. చలికాలంలో తలుపులు బిగించిన ఇంట్లో పోగుపడతాయి. పొగతాగడం తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాలలో రాడాన్ ఒకటి. ఇంటి గాలిలో ఘనపు మీటరుకు 100 బెకరల్స్‌ను సూచిక స్థాయిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. గాలి ఆడేలా కిటికీ పెట్టుకుంటే పొయ్యి పొగ, రాడాన్ రెండూ తగ్గుతాయి.

గుహలలో గాలి కదలిక తక్కువ కాబట్టి రాడాన్ నిలిచే వీలు ఉంటుంది. గంటసేపు గుహ చూసివెళ్లే యాత్రికునికి, ఏడాది పొడవునా అందులో పనిచేసే మార్గదర్శికి మోతాదు ఒకటి కాదు. మోతాదును నిర్ణయించేవి గాఢత, అక్కడ గడిపిన కాలం. కొలవకుండా ప్రమాదం ఉందని గాని, లేదని గాని చెప్పకూడదు.

7.5 కొలిచే సాధనాలు

(అ) సర్వే మీటరు: గైగర్-ముల్లర్ గొట్టం లేదా అయనీకరణ గది ఆధారంగా పనిచేస్తుంది. ఒక చోట ఆ క్షణంలో వికిరణ రేటు ఎంతో చూపుతుంది.

(ఆ) జాడ శోధకం: సెల్యులోజ్ నైట్రేట్ వంటి పొరను ఇంట్లో కొన్ని నెలలు వేలాడదీస్తారు. రాడాన్ ఆల్ఫా కణాలు పొరపై సన్నని జాడలు వదులుతాయి. తరువాత క్షార ద్రావణంలో ఉంచితే ఆ జాడలు పెద్దవై సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. వాటిని లెక్కించి సగటు గాఢతను తెలుసుకుంటారు.

(ఇ) టి.ఎల్.డి. బ్యాడ్జి: వికిరణంతో పనిచేసే ఉద్యోగి ధరించేది ఇదే. మన దేశంలో వాడే బ్యాడ్జిలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడు ఉంటాయి. వికిరణం తగిలినప్పుడు ఎలక్ట్రాన్‌లు స్ఫటికంలోని లోపస్థానాలలో చిక్కుకుంటాయి. ప్రయోగశాలలో వేడిచేసినప్పుడు అవి విడుదలై కాంతి వెలువడుతుంది. ఆ కాంతి పరిమాణం మోతాదుకు అనుపాతంలో ఉంటుంది. ఒక బిళ్లపై లోహపు వడపోత, ఒకదానిపై ప్లాస్టిక్ వడపోత ఉంటాయి. మూడోది తెరచి ఉంటుంది. మూడింటి ఫలితాలను పోల్చి ఏ రకం వికిరణం తగిలిందో తెలుసుకుంటారు.

బ్యాడ్జి కిరణాలను ఆపదు, లెక్క మాత్రమే రాస్తుంది. దానిని ఛాతీపై, సీసపు ఏప్రాన్ ధరిస్తే దాని లోపలి వైపున పెట్టుకోవాలి. ఒకరి బ్యాడ్జి మరొకరు వాడరాదు. పని ముగిశాక ఎక్స్-రే గదిలో కోటుకే వదిలేస్తే, మీకు తగలని మోతాదు మీ ఖాతాలో పడుతుంది. పెట్టుకోకపోతే తగిలినది ఖాతాలోకి రాదు. రెండూ తప్పు లెక్కలే.

7.6 మోతాదు పరిమితులు

మన దేశంలో అణుశక్తి చట్టం 1962 కింద, 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఈ పరిమితులను అమలు చేస్తుంది.

- వికిరణంతో పనిచేసే ఉద్యోగి: వరుసగా ఐదు సంవత్సరాల సగటు ఏడాదికి 20 మిల్లీ సీవర్ట్‌లు. ఏ ఒక్క ఏడాదీ 30 మించరాదు.
- సాధారణ ప్రజలు: ఏడాదికి 1 మిల్లీ సీవర్ట్.
- గర్భిణి అయిన ఉద్యోగిని: గర్భం సంగతి తెలియజేసిన నాటి నుంచి గర్భస్థ శిశువుకు 1 మిల్లీ సీవర్ట్ మించరాదు.

ఈ పరిమితులలో సహజ నేపథ్య వికిరణం కలవదు. రోగి తన చికిత్స కోసం పొందే మోతాదు కూడా కలవదు. రోగికి పరిమితి లేదంటే జాగ్రత్త అక్కరలేదని కాదు. అక్కడ పనిచేసేవి వేరే రెండు సూత్రాలు. మొదటిది సమర్థన: హాని కంటే మేలు ఎక్కువైతేనే పరీక్ష చేయాలి. రెండోది అనుకూలీకరణ: అవసరమైన చిత్రం వచ్చేంత తక్కువ మోతాదునే వాడాలి. పరిమితి అనేది ఖర్చు పెట్టుకోవలసిన ఖాతా కాదు. దానికి ఎంత దిగువన ఉంటే అంత మంచిది.

7.7 కాలం, దూరం, కవచం

మోతాదును తగ్గించే మార్గాలు మూడు: తక్కువ సేపు ఉండటం, దూరంగా ఉండటం, మధ్యలో కవచం పెట్టడం. వీటిలో ఖర్చు లేనిది దూరం. విలోమ వర్గ నియమం ప్రకారం దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతు అవుతుంది.

ఛాతీ ఎక్స్-రేలో రోగి చర్మానికి చేరేది సుమారు 0.2 మిల్లీ గ్రే, అంటే 200 మైక్రో గ్రేలు అనుకుందాం. రోగి శరీరం నుంచి చెదిరి వచ్చే కిరణాలు 1 మీటరు దూరంలో అందులో సుమారు వెయ్యో వంతు ఉంటాయి. అంటే 0.2 మైక్రో సీవర్ట్.

రోజుకు 40 ఎక్స్-రేలు, ఏడాదికి 300 రోజులు తీసే ఉద్యోగికి 12,000 ఎక్స్-రేలు అవుతాయి. ఏ కవచమూ లేకుండా నిలబడితే అతని వార్షిక మోతాదు:
- అర మీటరు దూరంలో: 9.6 మిల్లీ సీవర్ట్‌లు
- 1 మీటరు దూరంలో: 2.4 మిల్లీ సీవర్ట్‌లు
- 2 మీటర్ల దూరంలో: 0.6 మిల్లీ సీవర్ట్

నాలుగు అడుగులు వెనక్కి వేయడంలో ఎంత తేడా ఉందో చూడండి. సీసపు తెర వెనుక నిలబడితే ఇది ఇంకా చాలా తగ్గుతుంది.

ఇప్పుడు తలుపు దగ్గర ఆగిన మహిళ విషయానికి వద్దాం. ఒక ఛాతీ ఎక్స్-రే ప్రభావక మోతాదు సుమారు 0.02 మిల్లీ సీవర్ట్. ప్రకృతి నుంచి మూడు రోజులలో వచ్చేది ఇంతే. సీవర్ట్‌కు సుమారు 5 శాతం అనే అంచనాతో లెక్కిస్తే ముప్పు పది లక్షలలో ఒకటి. గుర్తించని క్షయ ఆమె ప్రాణం తీయవచ్చు, ఇంటిల్లిపాదికీ అంటవచ్చు. మీట వదలగానే ఎక్స్-కిరణాలు ఆగిపోతాయి. దీపం ఆర్పిన తరువాత గదిలో వెలుగు మిగలనట్లే, ఒంట్లో కిరణాలు మిగలవు.

ఈ మాటలు ఆమెకు తెలిసిన భాషలో చెప్పాలి. ఈ కొండలలో చాలామంది ఇంటి భాష కువి గాని, ఆదివాసీ ఒడియా గాని అవుతుంది. గర్భం గురించిన ప్రశ్న కూడా అర్థమయ్యే భాషలో అడిగితేనే అడిగినట్లు. పసిపిల్లలను కదలకుండా పట్టుకోవలసి వస్తే గర్భిణి కాని పెద్దవారు ఏప్రాన్ ధరించి, చేతులు నేరు కిరణాల దారిలో లేకుండా పట్టుకోవాలి. ఆ పని రోజూ ఒకే సిబ్బందికి అప్పగించకూడదు.

7.8 సారాంశం

వికిరణం మన నేలలో, గాలిలో, ఆహారంలో ఎప్పుడూ ఉంది. ప్రమాదాన్ని చెప్పేది దాని ఉనికి కాదు, మోతాదు. గ్రే శోషించిన శక్తిని చెబుతుంది, సీవర్ట్ హాని అవకాశాన్ని చెబుతుంది. ఒకసారి ఎక్స్-రే తీయించుకునే రోగికి, వేల ఎక్స్-రేలు తీసే ఉద్యోగికి నియమాలు వేరుగా ఉండటానికి కారణం ఇదే. సమర్థన, అనుకూలీకరణ, పరిమితి అనే మూడు సూత్రాలపై రక్షణ ఆధారపడి ఉంది.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక ఉద్యోగి నాలుగు సంవత్సరాలలో వరుసగా 28, 24, 22, 18 మిల్లీ సీవర్ట్‌లు పొందాడు. ఐదో ఏడాది అతనికి గరిష్ఠంగా ఎంత అనుమతించవచ్చు?
2. 1 మీటరు దూరంలో 0.2 మైక్రో సీవర్ట్ ఉంటే 3 మీటర్ల దూరంలో ఎంత?
3. టి.ఎల్.డి. బ్యాడ్జిని ఎక్స్-రే గదిలో వదిలేస్తే వచ్చే పొరపాటు ఏమిటి?
4. మీ ఇంట్లో రాడాన్ పోగుపడకుండా ఏం చేయవచ్చో రెండు వాక్యాలలో రాయండి.

జవాబులు: 1. ఐదేళ్ల మొత్తం 100 మించరాదు. ఇప్పటికి 92 అయింది. కనుక 8 మిల్లీ సీవర్ట్‌లు. 2. తొమ్మిదో వంతు, అంటే సుమారు 0.022 మైక్రో సీవర్ట్. 3. విభాగం 7.5 చూడండి. 4. విభాగం 7.4 చూడండి.