తగ్గిపోయిందిలే అనుకోవద్దు



పిల్లలను స్కూల్ బస్సు ఎక్కించే హడావిడిలో ఉన్నారు. ఇంతలో తాతయ్య చేతిలోని టీ గ్లాసు జారింది. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చింది. ఇరవై నిమిషాల్లో అంతా సర్దుకుంది. "తగ్గిపోయిందిలే, రేపు చూపించుకుంటా" అంటారు ఆయన. ఆ ఒక్క మాట మాత్రం వినకండి.

మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. ఒక్కోసారి ఆ గడ్డ దానంతటదే కరిగి, రక్తం మళ్లీ పారుతుంది. అది మంచిదే. కానీ మధ్యలో ఏం జరిగిందన్నదే ప్రశ్న. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అంచనా వేశారు. మన షాబాద్ వైపు కూరగాయల తోటలో పూడిపోయిన డ్రిప్ పైపు మళ్లీ పారినా, అప్పటికే ఎండిన మొక్క లేవదు కదా!

అందుకే ఆసుపత్రిలో స్కాన్‌లు తీస్తారు. ముందుగా సీటీ స్కాన్‌తో మెదడులో రక్తస్రావం ఉందేమో చూస్తారు. అవసరమైతే నరానికి మందు ఎక్కించి, అది మెదడులో ఏ భాగానికి ఎంత వేగంగా, ఎంత చేరుతోందో రంగుల పటంగా చూస్తారు. దీన్ని పర్‌ఫ్యూజన్ స్కాన్ అంటారు. రక్తం తిరిగి వచ్చిన చోట ఈ పటం మామూలుగా కనిపించవచ్చు, కొన్నిసార్లు రక్తం మామూలు కంటే ఎక్కువగా పారుతున్నట్టూ కనిపించవచ్చు. అంతమాత్రాన ఆ భాగం క్షేమమని కాదు. దెబ్బతిన్న కణాలను ఎమ్మారై బాగా పట్టిస్తుంది.

లక్షణాలు పూర్తిగా తగ్గినా ప్రమాదం పోదు. అసలైన పెద్ద పక్షవాతం వచ్చే ముప్పు తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ.

కాబట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. చేవెళ్ల, మొయినాబాద్ దాటి నగరానికి చేరేసరికే చాలా సమయం పోతుంది. గడ్డ కరిగించే ఇంజక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. ఆయన చివరిసారి బాగా ఉన్న సమయాన్ని రాసిపెట్టుకోండి. "ఇప్పుడు తగ్గింది" అన్నా, ముందు ఏమైందో డాక్టరుకు మొత్తం చెప్పండి. మీ అంతట మీరు ఏ మాత్రా వేయకండి, తిండి, నీళ్లు పెట్టకండి.

ఈ రోజు రాత్రి పిల్లలకు మూడు పరీక్షలు నేర్పండి: తాతయ్యను నవ్వమనాలి, రెండు చేతులూ ఎత్తమనాలి, ఒక వాక్యం చెప్పమనాలి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వెంటనే పెద్దవాళ్లను పిలవాలి. ఇంట్లో మొదట గమనించేది పిల్లలే కావచ్చు.